నీళ్ల మీద మనిషి ఉండగా

మొగలిపాళెంలో సెల్‌ఫోను లేని ఇల్లు లేదు, ఎలిశబెతు నోటికి జడవని మనిషీ లేడు. చిట్టమూరు దాటి సముద్రం వైపు వెళితే, తారురోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. ఊరంతటికీ ఒకే టవరు. ఆ టవరు నుంచి వచ్చే సిగ్నలు అందరికీ ఒకటే అయినా తృప్తి మాత్రం ఎవరి బుద్ధిని బట్టి వాళ్లది.

ఫోనులో నాలుగు గీతలు కనిపిస్తే, అయిదో గీత ఎవడు మింగాడని అడిగే రకం ఎలిశబెతు. ఒక్క గీత కూడా లేకపోతే, "పోనీలేవే, చెవులకి కాసేపు సెలవు" అని నవ్వే రకం ఆమె మొగుడు టైటస్. ఎదురింటి వెంకటశేషమ్మ అయితే, మాట సగంలో తెగిపోయినా తప్పు తనదేనేమోనని నాలుక కరుచుకునేది. ఇక అత్త రాహేలమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోను మోగితే ప్రభువు కృప, మోగకపోతే ప్రభువు చిత్తం. ఇలాంటి వాళ్ల మధ్య ఎలిశబెతు ఒక్కతే సాయంత్రం పూట కస్టమర్ కేరుకి ఫోను చేసి, అవతలివాళ్లు నీళ్లు తాగి వచ్చేదాకా కడిగిపారేసేది.

ఆమె పుట్టి పెరిగింది నాయుడుపేటలో. తండ్రికి బస్టాండులో సోడాల అంగడి. అక్కడ గట్టిగా అడగనివాడికి బస్సులో సీటు దొరకదు, చిల్లర దొరకదు. అందుకని అరవడం ఆమెకి కోపం కాదు, అలవాటు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

నిజం చెప్పాలంటే టైటస్‌కి ఆ నోరంటే ఇష్టం. అతడు సముద్రం మీద ఉండగా ఆమె ఫోను చేసేది. "ఈశాన్యం మూల మబ్బు చూసినావా? కళ్లు యాడ పెట్టుకోనుండావు? వల ఎత్తి తిరుక్కో ముందు!" అని అరిచే అరుపు బోటులో అందరికీ వినిపించేది. తోటివాళ్లు నవ్వితే టైటస్ ఇంకా గట్టిగా నవ్వేవాడు.

"మా ఇంటిది అరవలేదంటే ఆకాశం బాగుండాదనే లెక్కరా. దాని గోల వినపడేదాకా నేను వల ఎత్తను," అనేవాడు.

నవ్వులాటకే అన్నా, చేసేది కూడా అచ్చంగా అంతే. మబ్బు నెత్తి మీదికి వచ్చినా అది తనకోసం కాదనుకునే మనిషి. భయపడే పని మొత్తం పెళ్లానికి అప్పగించి తాను హాయిగా వలలు లాగేవాడు. ఆమె అరవడం, అతడు తిరిగి రావడం, ఆ ఇల్లు అలా నడిచింది.

మొగలిపాళెంలో, చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేని ఒక కట్టుబాటు ఉంది. చర్చికి వెళ్లేవాళ్లూ అంకమ్మతల్లికి మొక్కేవాళ్లూ ఒకే తీరుగా పాటించేది అదొక్కటే. ఇంటి మగమనిషి నీళ్ల మీద ఉండగా ఆడమనిషి నోట 'బాగలేదు' అన్న మాట రాకూడదు. బియ్యం అయిపోయాయి అనకుండా నిండుకున్నాయి అనడం, దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం మనందరికీ తెలిసిందే. ఈ ఊరివాళ్లు ఇంకాస్త ముందుకు వెళ్లారు. ఒళ్లు కాలిపోతున్నా, కూర మాడిపోయినా, ఎవరైనా అడిగితే బాగుందనే చెప్పాలి. మొగుణ్ణి తిట్టుకోవచ్చు, దానికి అడ్డు లేదు. బాగలేదని మాత్రం అనకూడదు. బోటు ఒడ్డు తాకాక ఎంత ఏడ్చుకున్నా ఎవరూ కాదనరు.

ఫోను కంపెనీ వాళ్లకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? వాళ్ల సర్వే ఫోను నెలకోసారి, ఆఫీసు తెరిచిన వేళకి వచ్చేది. ఆ వేళకి బోట్లన్నీ నీళ్ల మీదే. హీనా అనే అమ్మాయి తేనె పూసినట్టు అడిగేది, "మా సేవలతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారండీ? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పండి" అని. ఇసుకలో నెత్తళ్ల చేపలు ఆరబోసుకుంటున్న ఆడవాళ్లందరిదీ ఒకటే జవాబు. "బాగుందమ్మా. అయిదేసుకో."

ఎలిశబెతు మాత్రం, "ఇప్పుడు చెప్పేది లేదు, సాయంత్రం చెయ్, చెప్తా," అని పెట్టేసేది. సాయంత్రం హీనా చేసేది కాదు. ఎలిశబెతే కస్టమర్ కేరుకి చేసి దులిపేసేది. ఊరి మొత్తం మీద ఫిర్యాదు అంటూ ఉంటే అది ఆమెదే.

ఒకరోజు ఉదయం ఆమె తమ్ముడు నాయుడుపేట నుంచి ఫోను చేశాడు. నాన్నకి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చామని చెబుతుండగానే మాట తెగింది. ఎన్నిసార్లు చేసినా మళ్లీ కలవలేదు. తండ్రి బతికున్నాడో లేడో తెలియక ఒడ్డు పొడుగునా ఫోను పైకెత్తి తిరుగుతుండగా సిగ్నలు వచ్చింది. వెంటనే ఫోనూ మోగింది. తమ్ముడు కాదు, హీనా.

"మా సేవలతో మీరు ఎంత తృప్తిగా..."

"ఏంది బాగుండేది? ఏమీ బాగలేదు! సర్వనాశనం! ఒకటి కూడా దండగే, సున్నా ఉంటే సున్నా ఏసుకో!"

ఒడ్డున ఉన్న ఆడవాళ్ల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వెంకటశేషమ్మ పరుగున వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికే మాట బయటికి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల తిరగబడి టైటస్ బోటు ఒక పక్కకి ఒరిగింది. టైటస్ తమ్ముడు దావీదు బోటు అంచుకీ ఇసుకకీ మధ్య చిక్కుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ నడుము దక్కలేదు. ఆనాటి నుంచి ఒడ్డున పందిరి కింద చెక్కబల్ల మీద కూర్చుని వలలు బాగుచేసుకునే మనిషయ్యాడు.

నాయుడుపేటలో తండ్రికి ఆయాసం నెమ్మదించిందని తర్వాత కబురు వచ్చింది. ఊరు ఎలిశబెతుని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమె నాలుగు ఎక్కువే తిట్టి బతికేది. రాహేలమ్మ మాత్రం కోడలి రెండు చేతులూ పట్టుకుని, "ఉండే ఇంకో కొడుకునన్నా నాకు మిగల్చు తల్లీ," అంది. అంతే. ఆ మాటతో నాయుడుపేట బస్టాండు నోరు మూతపడింది.

మాటకి బోటు ఒరుగుతుందని ఎలిశబెతు నమ్మలేదు. నమ్మకుండా ఉండే ధైర్యం కూడా చాలలేదు. సాయంత్రం ఫిర్యాదులు కూడా మానేసింది. టైటస్ ఇంట్లో ఉన్నా ఇంకెవరి బోటో రాత్రి వేటకి వెళ్లి ఉంటుంది. ఎవరి మనిషిని తన నోరు మింగుతుందోనని భయం.

మరుసటి నెల హీనా కాస్త జంకుతూనే ఫోను చేసింది. "పోయినసారి మీరు చాలా కోపంగా ఉన్నారండీ. ఇప్పుడెలా ఉంది?"

"బాగుందమ్మా. అయిదేసుకో."

"ఇబ్బందులు ఏమైనా..."

"ఏం లేవు."

అవతల అమ్మాయి హమ్మయ్య అనుకోవడం ఇవతలికి తెలిసింది. సిగ్నలు మాత్రం ఎప్పటిలాగే వస్తూ పోతూ ఉంది. మారింది ఎలిశబెతు ఒక్కతే. కంపెనీ కళ్లకి మాత్రం మొగలిపాళెం మొత్తం బాగుపడిపోయింది.

వానలు మొదలయ్యే ముందు ఒక ఉదయం టవరు దగ్గర వ్యాను ఆగింది. టవరు బాగోగులు చూసే సుశీల్ కుమార్ మనుషుల్ని పెట్టి, టవరు కింది ఇనప బోనులోని నల్లటి బ్యాటరీలు వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. ఎలిశబెతు చేపల గంప దించి దగ్గరికి వెళ్లింది.

"ఏందబ్బయ్యా, వీటిని యాడికి తీసకపోతాండావు?"

"పక్కూరు పాతరేవుకి అక్కా. ఆ ఊరోళ్లు రోజూ ఫోన్లు చేసి కంపెనీని కాల్చుకు తింటాండారు. మీ ఊరికి అయిదుకి అయిదంట. ఇబ్బంది లేని ఊరికి ఇన్ని బ్యాటరీలు ఎందుకన్నారు పైనోళ్లు."

"మరి కరెంటు పోతే?"

సుశీల్ కుమార్ చెమట తుడుచుకున్నాడు. "పోతే టవరూ పోతాది అక్కా. నాకు మాత్రం ఇష్టమా? ఒక్క ఫిర్యాదు పెట్టండి. మీరు గట్టిగా అడిగితే వారంలో కొత్తవి వస్తాయి. నేను చెప్తే ఎవురూ వినరు."

ఎలిశబెతు నోరు తెరిచింది. వెనక ఇసుకలో ఆడవాళ్లు చూస్తున్నారు. పందిరి కింద దావీదు వల వదిలి తలెత్తాడు. ఎదురుగా నీళ్లు, ఆ నీళ్ల మీద టైటస్.

"అంతా బాగుండాది అబ్బయ్యా," అంది. దించిన గంప మళ్లీ నెత్తికెత్తుకుంది.

సాయంత్రం టైటస్ అన్నం ముందు కూర్చోగానే ఫోను అతని చేతిలో పెట్టింది. "నువ్వు మాట్లాడు. మగాడివి, నీకు కట్టుబాటు లేదు. బ్యాటరీలు తిరిగి తెచ్చి పెట్టమని గట్టిగా అడుగు."

టైటస్ బుద్ధిగా ఫోను చేశాడు. చాలాసేపు పాట వినిపించాక ఎవరో అమ్మాయి పలికింది.

"ఏమ్మా, పొద్దుగూకినా పనేనా? కూడు తిన్నావా?" అన్నాడు టైటస్. "తినలేదా? అయ్యో, అదేంది? ఆఁ, మాది మొగలిపాళెం. బ్యాటరీలు తీసకపోయినారమ్మా. పోనీలే, పాతరేవోళ్లు కూడా మనోళ్లే... తొందరేం లేదులే, వీలు చూసుకోని పంపించండి... మార్కులా? నువ్వింత మర్యాదగా మాట్లాడితే అయిదు గాక ఇంకేం ఏస్తాను?"

ఎలిశబెతు ఫోను లాక్కోబోయింది. గుమ్మంలో రాహేలమ్మ నిలబడి ఉంది. "ప్రవీణ్ వాళ్లు రాత్రి వేటకి పోయిండారు," అంది మెల్లగా. ప్రవీణ్ వెంకటశేషమ్మకి ఒక్కగానొక్క కొడుకు. ఎలిశబెతు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కరెంటు పోతే నా గొంతు నీకు వినపడదు. అర్థమైందా నీకు?" అంది మొగుడితో, ఏడుపు ఆపుకుంటూ.

"నీ గొంతుకి టవరు కావాల్నా? ఒడ్డున నిలబడి ఒక్క కేక పెడితే శ్రీహరికోట దాకా వినపడదూ!" టైటస్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకి ఎప్పుడూ లేనంత భయం వేసింది.

వానాకాలం వచ్చింది. కరెంటు పోవడం, టవరు పోవడం, మళ్లీ రావడం మామూలైపోయింది. ఊరు అలవాటు పడింది. ఎలిశబెతు మాత్రం రోజూ లేవగానే ముందు టవరు మీది ఎర్రదీపం వెలుగుతోందా అని చూసేది, ఆ తర్వాతే సముద్రం వైపు తిరిగేది.

ఆ రోజు బోట్లు వెళ్లేటప్పుడు ఆకాశం తెల్లగా, కడిగినట్టే ఉంది. టైటస్‌తో పాటు వెంకటశేషమ్మ కొడుకు ప్రవీణ్ కూడా అదే బోటెక్కాడు. ఎండ ముదిరే వేళకి ఈశాన్యం మూల ఒక నల్లటి గీత లేచింది. చూస్తుండగానే అది గోడంత అయింది. ఎండబోసిన నెత్తళ్ల మీద ఈగ కూడా వాలడం మానేసింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. అలా ఆగడం మంచిది కాదని ఆ ఒడ్డున అందరికీ తెలుసు.

ఎలిశబెతు రొంటిన ఉన్న ఫోను తీసింది. పెదాల మీద తిట్లు సిద్ధంగా ఉన్నాయి. ఫోనులో ఒక్క గీత కూడా లేదు. తలెత్తి చూస్తే టవరు మీద ఎర్రదీపం లేదు. గాలి లేస్తుందంటే తీగలు తెగి ఎవరి మీదా పడకుండా ముందే లైన్లు ఆపేస్తారు కరెంటు వాళ్లు. అది వాళ్ల జాగ్రత్త.

"వదినా!" పందిరి కింది నుంచి దావీదు అరిచాడు. "పాతరేవుకి పో! ఆడ టవరు బతికుంటాది! పరిగెత్తు!"

ఆమె పరిగెత్తింది. తడి ఇసుకలో కాళ్లు కూరుకుపోతుంటే చీర ఎగదోపుకుని, ఫోను గుండెకి అదుముకుని పరిగెత్తింది. సగం దారిలో గాలి వచ్చి వీపు మీద గుద్దింది. ఇసుక కళ్లల్లో కొట్టింది.

పాతరేవు ఒడ్డున అరుపులే అరుపులు. ఆడవాళ్లు ఫోన్లు చెవులకి ఆనించుకుని మొగుళ్లని, కొడుకుల్ని నోటికొచ్చినట్టు తిడుతున్నారు. వలలు కోసి పారేసైనా రమ్మంటున్నారు. అప్పటికే వాళ్ల బోట్లు కొన్ని ఒడ్డెక్కాయి, కొన్ని మొగలోకి వచ్చేస్తున్నాయి. టవరు కింద బోనులో బ్యాటరీలు వరసగా ఉన్నాయి. వాటి మీద తెల్ల రంగుతో రాసిన 'మొగలిపాళెం' అన్న అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు.

ఎలిశబెతు ఆ బోనుకి ఆనుకుని టైటస్‌కి ఫోను చేసింది. ఆమె ఫోనులో అయిదు గీతలూ ఉన్నాయి. జీవితంలో మొదటిసారి అయిదూ ఉన్నాయి. 'మీరు ఫోన్ చేస్తున్న వ్యక్తి ప్రస్తుతం కవరేజ్ ఏరియాలో లేరు' అంది ఫోనులో రికార్డు గొంతు. టైటస్ ఎప్పుడూ వల వేసేది మొగలిపాళెం ఎదురుగా, ఆ ఊరి టవరు అందేంత దూరంలోనే. ఆ టవరు చచ్చి పడి ఉంది.

మళ్లీ చేసింది. మళ్లీ అదే గొంతు. "తిరుక్కో," అంది ఆ గొంతుతోనే. "మబ్బు చూసినావా? కళ్లు యాడ పెట్టుకోనుండావు? తిరుక్కోవయ్యా, నీకు దణ్ణం పెడతా, తిరుక్కో." పాతరేవు ఆడవాళ్లు తమ తిట్లు ఆపి ఆమెని చూశారు. ఎవరికీ దగ్గరికి రావడానికి కాళ్లు రాలేదు.

అక్కడ, ఆ గోడలాంటి మబ్బు కింద, టైటస్ ఏం చేస్తుంటాడో ఆమెకి తెలుసు. ఫోను వైపు ఒకసారి చూసి ఉంటాడు. అది మోగడం లేదు. "మా ఇంటిది అరవలేదు గదరా, ఏం కాదు. ఇంకో వల ఏద్దాం పట్టండి," అని ఉంటాడు. తోటివాళ్లు నమ్మి ఉంటారు. ఇన్నేళ్లూ ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు మరి.

మొగలిపాళెం బోట్లలో మబ్బుని సొంత కళ్లతో చూసి భయపడ్డవాళ్లవి వచ్చాయి. టైటస్ బోటు ఇంకా నీళ్ల మీదే ఉంది. 'రాలేదు' అని ఊళ్లో ఎవరూ అనలేదు. నీళ్ల మీద ఉండాడనే అన్నారు. కోస్టుగార్డు వాళ్లు వెతికారు, పెద్ద బోట్లవాళ్లు వెతికారు. ఒక ఐసు డబ్బా దొరికింది. అది ఎవరిదైనా కావచ్చని రాహేలమ్మ అంది. అవునవునని అందరూ అన్నారు.

గాలి తగ్గి, విరిగిన స్తంభాలు లేపాక ఒక ఉదయం కరెంటు వచ్చింది. టవరు మీద ఎర్రదీపం వెలిగింది. అన్ని ఇళ్లలోనూ ఫోన్లు ఒక్కసారిగా గొల్లుమన్నాయి. 'సముద్రంలోకి వెళ్లరాదు, వెళ్లినవారు వెంటనే తిరిగి రావాలి' అన్న హెచ్చరిక అప్పుడు చేరింది వాళ్లకి.

ఎలిశబెతు పందిరి కింద కూర్చుని ఉంది. ఒక పక్క రాహేలమ్మ, ఇంకో పక్క వెంకటశేషమ్మ. ఎదురుగా చెక్కబల్ల మీద దావీదు. ఆమె ఒళ్లోని ఫోను మోగితే నలుగురూ అదిరిపడ్డారు.

"నమస్తే అండీ, నేను హీనాని. ఈ నెల మా సేవలతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పండి."

దావీదు చేతులు ఆనించి బల్ల మీద ముందుకి జరిగాడు. "వదినా, చెప్పు. ఇప్పుడన్నా చెప్పు, బాగలేదని. అప్పుడు నేను చేస్తే ఎవురూ పట్టించుకోలా. బ్యాటరీలు లేక మనుషులు పోయినారని చెప్పు. రేపు పోయే బోట్లకన్నా..." ఒక చేత్తో తన నడుము చూపించాడు. "నా నడుము నీ మాట వల్ల పోలేదు వదినా. అల వల్ల పోయింది. నేను ఏనాడూ అట్టా అనుకోలా. చెప్పు."

చెప్పాలి. అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఈ ఊళ్లో గట్టిగా చెప్పగలిగిన నోరు తనదొక్కటే. చెబితే వారంలో బ్యాటరీలు వస్తాయి. మళ్లీ మబ్బు లేచిన రోజు ఎవరి పెళ్లామో అరిస్తే ఎవరి మొగుడో తిరిగి వస్తాడు. ఎలిశబెతు గుండెల నిండా ఆ మాట ఉంది. గొంతు దాకా వచ్చింది కూడా.

అప్పుడు అత్త ముఖం చూసింది. రాహేలమ్మ ఆమెని ఆపడం లేదు. చేతులు జోడించలేదు, వద్దనలేదు. కోడలి పెదాలు ఎలా కదులుతాయా అని మాత్రం చూస్తోంది. మగమనిషి నీళ్ల మీద ఉండగా ఆ మాట అనకూడదు. ఒడ్డుకి వచ్చాక అనొచ్చు. ఇక రాడని తేలిపోయినా అనొచ్చు. ఇప్పుడు 'బాగలేదు' అంటే టైటస్ నీళ్ల మీద లేడని భార్య తన నోటితో తానే చెప్పినట్టు. వెంకటశేషమ్మ కొడుకు కూడా లేడని చెప్పినట్టు.

"అండీ? వినిపిస్తోందా?" అంది హీనా.

"వినపడతాండాది," అంది ఎలిశబెతు. "బాగుందమ్మా. అయిదేసుకో."

"చాలా సంతోషమండీ. ఇబ్బందులు ఏమైనా..."

"ఏం లేవు. అంతా బాగుండాది."

దావీదు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఎలిశబెతు ఫోను ఒళ్లో పెట్టుకుని సముద్రం వైపు తిరిగింది. కాసేపటికి పక్కన వెంకటశేషమ్మ ఫోను మోగింది. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, అవతలి మాట మొత్తం వినకుండానే అయిదు అని చెప్పింది.